అదను తప్పిన సాయం: మలావీ చిన్న రైతుకు ఏ నెలలో ఏం కావాలి

2023 మార్చి 6న మలావీ రాజధాని లిలోంగ్వేలో ఎరువుల అప్పగింత కార్యక్రమం ఒకటి జరిగింది. రష్యాకు చెందిన ఉరల్‌కెమ్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన 20,000 టన్నుల ఎరువు అది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఐరోపా రేవుల్లో నిలిచిపోయిన సరుకును ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం ఓడకెక్కించింది. 2022 నవంబరు చివర్లో నెదర్లాండ్స్‌లో కదిలిన ఆ ఓడ మొజాంబిక్‌లోని బైరా రేవులో సరుకు దించింది. అక్కడి నుంచి అది సముద్రతీరం లేని మలావీకి చేరింది.

మలావీలో మొక్కజొన్న విత్తేది నవంబరు చివర, డిసెంబరు మొదట్లో. అడుగు మందు అప్పుడే పడాలి. పై పాటుగా వేసే యూరియా మరో నెల లోపు పడాలి. మార్చి మొదటి వారానికి కంకిలో గింజ గట్టిపడుతూ ఉంటుంది. ఓడ లంగరెత్తిన వారంలో రైతు విత్తుకున్నాడు, ఎరువు దేశానికి వచ్చేసరికి అతని చేను కోతకు దగ్గరపడింది. మరో వారానికే ఫ్రెడ్డీ తుఫాను దక్షిణ జిల్లాల మీద విరుచుకుపడి చేలనూ ఊళ్లనూ ఊడ్చుకుపోయింది.

ఇందులో ఎవరి మనసునూ శంకించనక్కర్లేదు. ఎరువు కుళ్లిపోయే సరుకు కాదు, మరుసటి ఏడాదికి పనికొస్తుంది. ఇచ్చినవారూ తెచ్చినవారూ చేతనైనది చేశారు. అయినా ఆ ఏడాది గింజకు ఆ ఎరువు అందలేదన్నది నిజం. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవారికి దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. అదను, పదును అన్న రెండు మాటలు మన పల్లెల్లో ఊరికే జంటగా వాడుకలోకి రాలేదు. ఆఫ్రికా పల్లెల్లోని చిన్న కమతాల కుటుంబాలకు సాయం అన్నప్పుడల్లా చర్చ ఎంత ఇవ్వాలి, ఏమివ్వాలి అన్న దగ్గరే ఆగిపోతోంది. ఏ నెలలో ఇవ్వాలన్నది గుమాస్తాల పనిగా మిగిలిపోతోంది. మలావీ, దాని పొరుగు దేశాల అనుభవం చూస్తే, ఆ గుమాస్తా పనే అసలు పని అని తేలుతుంది.

గాదె ఖాళీ అయ్యే నెల

మలావీకి వానాకాలం ఒక్కటే. నవంబరులో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. నీటి వసతి ఉన్న కొద్ది భూమిని వదిలేస్తే ఏడాదికి పంట కూడా ఒక్కటే. దేశ జనాభా సుమారు 2 కోట్లు, వారిలో నూటికి 80 మందికి పైగా పల్లెల్లోనే ఉంటారు. కమతం సగటున రెండు, రెండున్నర ఎకరాలు దాటదు. జనం కిక్కిరిసిన దక్షిణ జిల్లాల్లో ఎకరంతో నెట్టుకొచ్చే ఇళ్లు ఎన్నో. ఎద్దులు తక్కువ, ట్రాక్టర్లు మరీ తక్కువ. వానలకు ముందు నేలంతా గుద్దలితో తవ్వి బోదెలు తీస్తారు. ఆ పనిలో సగానికి పైగా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది.

వాళ్ల ప్రధానమైన తిండి ఎన్సిమా. తెల్ల మొక్కజొన్న పిండిని ఉడికించి గట్టిగా కలిపే ఈ ముద్ద మన సంకటికి దగ్గర చుట్టం. ఇంకేం తిన్నా ఎన్సిమా పడకపోతే భోజనం చేసినట్టు కాదంటారు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు కోతలు. వెదురు తడికలతో అల్లిన గాదె అప్పుడు నిండుతుంది. చిన్న కమతాల ఇళ్లలో అక్టోబరు, నవంబరు నాటికి గాదె అడుగు కనిపిస్తుంది. డిసెంబరులో మామిడి పండ్లు కొంత ఆదుకుంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు మాత్రం నిజంగా గడ్డుకాలం. ఫిబ్రవరి చివర్లో గుమ్మడి ఆకు కూర, పచ్చి కంకులు చేతికొస్తేగానీ ఇల్లు ఊపిరి పీల్చుకోదు. చిచేవా భాషలో ఆకలిని న్జాలా అంటారు. అది వాళ్లకు ఒక అవస్థ పేరు మాత్రమే కాదు, దాదాపు ఒక రుతువు పేరు.

ఆ రుతువులో కడుపు నింపుకునే దారి గాన్యు. కాస్త ఉన్నవాళ్ల చేలో గుత్తకు ఇంత మేర కలుపు తీస్తే కొంత డబ్బో, ఒక గిన్నెడు మొక్కజొన్నో, అదీ లేకపోతే తవుడో ఇస్తారు. మన ఊళ్లలో కూలికి పోవడం లాంటిదే అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక ఉచ్చు ఉంది. తిండి లేని జనవరిలోనే మొక్కజొన్నకు కలుపు తీయాలి. సొంత చేనూ, పరాయి చేనూ ఒకే వారంలో పిలుస్తాయి. సొంత చేలో కలుపు తీస్తే ఏప్రిల్‌లో పంట, పరాయి చేలో తీస్తే ఈ రాత్రికి ముద్ద. పిల్లలున్న ఇల్లు దేన్ని ఎంచుకుంటుందో చెప్పనక్కర్లేదు. అలా కలుపు ముదిరిన చేనులో పంట తగ్గుతుంది. తగ్గిన పంట మరుసటి ఏడాది డిసెంబరుకు ముందే అయిపోతుంది. మళ్లీ గాన్యు. పేదరికం ఏటేటా తిరిగి మొలిచే చోటు ఇదే. దీనికి నేల సారాన్నో, రైతు తెలివినో తప్పుపట్టడం అన్యాయం.

గాన్యుకు పోలేనప్పుడు మిగిలేది కటాపిలా, అంటే ఊరి వడ్డీ అప్పు. ఫిబ్రవరిలో ఒక బస్తా తెచ్చుకుంటే కోతల్లో రెండు బస్తాలు కొలవడం అక్కడ కొత్త కాదు.

ఈ ఉచ్చు ఎక్కడ తెగుతుందో పొరుగున ఉన్న జాంబియాలో పరీక్షించి చూశారు. మలావీ సరిహద్దును ఆనుకుని ఉన్న చిపాటా జిల్లాలో ఇంచుమించు అవే పంటలు, అవే తిండ్లు, అదే గాన్యు. గుంటర్ ఫింక్, కెల్సీ జాక్, ఫెలిక్స్ మసియే అనే ముగ్గురు పరిశోధకులు అక్కడి 175 గ్రామాలను ఎంచుకుని, వాటిలో కొన్నింటిలో జనవరిలో కుటుంబాలకు అప్పిచ్చారు. కొందరికి 200 క్వాచాలు (జాంబియా డబ్బు), కొందరికి మూడు బస్తాల మొక్కజొన్న. కోతలయ్యాక 260 క్వాచాలో, నాలుగు బస్తాలో తిరిగి ఇవ్వాలి. గింజ తెచ్చుకుని కోతల్లో అంతకంటే ఎక్కువ కొలిచే ఈ పద్ధతిని చూస్తే మన పాత తరం నాగు అని ఇట్టే గుర్తుపడుతుంది. కటాపిలాతో పోలిస్తే ఎంతో దయగల నాగు. మొదటి ఏడాది దాదాపు అందరూ తిరిగి చెల్లించారు.

ఫలితాల్లో అందరూ ఆశించినది ఒకటుంది. అప్పు అందిన ఊళ్లలో జనం సొంత చేలో ఎక్కువ సేపు పనిచేశారు, పంట సుమారు 8 శాతం పెరిగింది. అంతకంటే ముఖ్యమైనది రెండోది. కూలికి వచ్చేవాళ్లు తగ్గడంతో ఆ ఊళ్లలో గాన్యు కూలి పెరిగింది. అప్పు తీసుకోనివాళ్లకు కూడా ఆ పెరిగిన కూలి దక్కింది. మూడు బస్తాల గింజ, సరైన నెలలో, తిరిగి వచ్చే షరతుతో ఇస్తే ఒక ఊరి కూలి రేటే కదిలింది. విత్తనం మార్చలేదు, ఎరువు పెంచలేదు, శిక్షణ శిబిరాలు పెట్టలేదు.

మలావీలోనూ దీనికి బలమైన తోడు సాక్ష్యం ఉంది. అక్కడి ప్రభుత్వం 2006లో మ్చింజి జిల్లాలో మొదలుపెట్టిన నగదు బదిలీ పథకం కాయకష్టం చేసే మనుషులు కరువైన అతి పేద ఇళ్ల కోసం పెట్టినది. ముసలివాళ్లు, వారి మీద ఆధారపడిన మనవలు ఉన్న ఇళ్లు అందులో ఎక్కువ. డబ్బు తినేస్తారు, పనికి బద్ధకిస్తారు అన్న అనుమానం అక్కడా ఉండేది. పరిశీలిస్తే ఆ ఇళ్లు గాన్యు తగ్గించుకుని సొంత పొలంలో శ్రమ పెంచాయి, పనిముట్లూ మేకలూ కొనుక్కున్నాయి. తిండికి భరోసా దొరికినవాడు ముందుగా వెళ్లేది తన చేలోకే.

కూపన్ల కథ

మలావీ పేరు వ్యవసాయ చర్చల్లో ప్రపంచమంతా మోగింది మాత్రం ఎరువుల సబ్సిడీతోనే. దాని వెనుక ఒక గాయం ఉంది. 2001-02 ఆకలి నెలల్లో ఆ దేశం కరువు చావులు చూసింది. అంతకు ముందు ఏడాది పంట తగ్గడం ఒక కారణమైతే, అత్యవసర నిల్వలోని మొక్కజొన్నను అమ్మేయడం మరొకటి. తీరా అవసరమైనప్పుడు గోదాములు ఖాళీ. ఎంతమంది చనిపోయారన్న దానిపై నేటికీ ఒక మాట లేదు.

2005లో వానలు మళ్లీ దెబ్బతీశాయి. మొక్కజొన్న పంట 12 లక్షల టన్నులకు పడిపోయింది. దేశ జనాభాలో మూడో వంతుకు పైగా, సుమారు 50 లక్షల మంది, తిండి సాయం మీద ఆధారపడ్డారు. అప్పటి అధ్యక్షుడు బింగు వా ముతారికా ఎరువుల మీద భారీ సబ్సిడీ ప్రకటించారు. సబ్సిడీలు తగ్గించమని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన దాతలు మొహం తిప్పుకున్నారు. మొదటి ఏడాది ప్రభుత్వం తన సొంత డబ్బుతోనే నడిపింది. కూపను చూపిస్తే 50 కిలోల ఎరువు బస్తా 950 మలావీ క్వాచాలకు దొరికేది. వానలు కూడా కలిసొచ్చాయి. 2006లో అధికారిక లెక్క ప్రకారం పంట 26 లక్షల టన్నులు, 2007లో 32 లక్షల పైమాటే. ఆ లెక్కలు కొంత ఉబ్బినవన్న అభ్యంతరం నిపుణుల్లో ఉంది. అయినా దేశం ఆకలి నుంచి తేరుకుందన్నది కళ్లముందు కనిపించిన సంగతి.

ఈ విజయాన్ని తక్కువ చేయడం సరికాదు. బయటివాళ్లు వద్దన్నది ధైర్యంగా చేసి, తన జనానికి ముద్ద పెట్టిన పేద దేశం అది. అయితే ఆ తర్వాతి సంవత్సరాల్లో పథకం మెల్లగా తన అదను కోల్పోయింది. 2008లో ప్రపంచ మార్కెట్‌లో ఎరువుల ధర ఎగిసినప్పుడు ఈ ఒక్క పథకమే జాతీయ బడ్జెట్‌లో సుమారు 16 శాతం మింగేసింది. రోడ్లకూ, విస్తరణ సిబ్బందికీ, విత్తన పరిశోధనకూ మిగిలేది తక్కువ. పైగా ఎరువు దిగుమతి సరుకు. విదేశీ మారకం ప్రధానంగా పొగాకు వేలం డబ్బుతో వస్తుంది. టెండర్లు ఆలస్యమైతే రేవులో సరుకు ఆలస్యం, లారీలు ఆలస్యం, చివరికి ఊరి గోదాము ముందు డిసెంబరు వానలో తడుస్తూ నిలబడిన వరుస.

2020లో పథకం పేరు, రూపం మారాయి. దాదాపు 40 లక్షల రైతు కుటుంబాలకు అందించాలని అప్పటి అధ్యక్షుడు లజారస్ చక్వేరా ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. రెండేళ్లకే విదేశీ మారకం కొరత, ఎరువుల ధర, క్వాచా విలువ పతనం కలిసి దాన్ని కుంగదీశాయి. 2022లో ఎరువు తెప్పించే తొందరలో బ్రిటన్‌లోని ఒక మాంసం వ్యాపార సంస్థకు ముందే డబ్బు కట్టి మోసపోయారు. వ్యవసాయ మంత్రి పదవి పోయింది. ఆ సీజన్‌లో వానలు మొదలై చాలా రోజులైనా ఎరువు అందని ఊళ్లు ఎన్నో. తర్వాతి ఏడాది లబ్ధిదారులను 15 లక్షల కుటుంబాలకు కుదించారు.

ఒక బస్తా ఎరువు డిసెంబరు మొదటి వారంలో పడితే ఇచ్చే పంటకూ, అదే బస్తా జనవరి మూడో వారంలో పడితే ఇచ్చే పంటకూ పొంతన ఉండదు. ప్రభుత్వ ఖాతాలో మాత్రం రెండూ ఒకే ఖర్చు. పథకం నివేదికల్లో ఎన్ని టన్నులు పంచారన్నది ఉంటుంది. ఎన్ని టన్నులు తొలి వానలకు ముందు పంచారన్న వరుస కూడా ఉంటే, ఈ పథకం మీద జరిగే వాదనల్లో సగం ఆ ఒక్క అంకెతో తేలిపోయేవి.

రైతు ఎరువు ఎప్పుడు కొంటాడన్నదానికి పశ్చిమ కెన్యాలోని బుసియాలో దొరికిన సమాధానం ఆలోచింపజేస్తుంది. ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అక్కడ రైతులకు ఒక చిన్న సౌకర్యం ఇచ్చి చూశారు. కోతలైన వెంటనే, చేతిలో పైసలున్న రోజుల్లో, వచ్చే పంట ఎరువుకు డబ్బు కడితే తర్వాత ఉచితంగా ఇంటికి తెచ్చిస్తారు. ధర మాత్రం ఒక్క షిల్లింగు తగ్గించలేదు. అంతమాత్రానికే ఎరువు వాడినవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. తర్వాత, ఎరువు వేయాల్సిన వేళకు సగం ధరకు ఇచ్చినప్పుడు వచ్చిన పెరుగుదలకు అది ఇంచుమించు సమానం. కోతల నాటి రైతు, విత్తుల నాటి రైతు ఒకే మనిషి అయినా ఒకే జేబు కాదు. మొదటి జేబును పట్టుకుంటే తక్కువ ఖర్చుతో పని జరుగుతుంది.

మేలో అమ్మి జనవరిలో కొనడం

జేబు సంగతి వచ్చింది కనుక గింజ సంగతీ చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో ఊరంతా ఒకేసారి అమ్ముతుంది. ధర అడుగున ఉంటుంది. జనవరిలో ఊరంతా ఒకేసారి కొంటుంది. ధర నడినెత్తిన ఉంటుంది. తన గింజనే తక్కువకు అమ్మి, ఏడాది తిరక్కుండా ఎక్కువకు కొనుక్కునే రైతును చూసి బయటివాళ్లు తెలివి తక్కువ అనుకుంటారు. కటాపిలా బాకీ, బడి ఖర్చు, ఇంట్లో జబ్బు, గాదెలో పురుగు, ఈ నాలుగూ కోతల నాడే తలుపు తడతాయని ఒక్కసారి లెక్కేస్తే ఆ మాట నోట రాదు. గిట్టుబాటు ధర ఇవ్వాల్సిన ప్రభుత్వ సంస్థ అడ్మార్క్ కొనుగోలు కేంద్రాలు తెరిచేసరికి తరచు దళారులు ఊళ్లు చుట్టేసి పోయి ఉంటారు. కళ్లంలో ధాన్యం పోసుకుని కొనుగోలు కేంద్రం కోసం ఎదురుచూసిన తెలుగు రైతుకు ఈ బాధ అనువాదం అవసరం లేకుండానే అర్థమవుతుంది.

కెన్యాలోని బుంగోమా ప్రాంతంలో 2006లో పుట్టిన వన్ ఎకర్ ఫండ్ అనే సంస్థ విత్తనం, ఎరువు రైతుకు నడిచి వెళ్లేంత దూరంలో అప్పుగా దించి, బాకీని సీజన్ పొడవునా వీలైనంతగా తీర్చుకోనిస్తుంది. ఆ సంస్థతో కలిసి మార్షల్ బర్క్, లారెన్ బెర్గ్‌క్విస్ట్, ఎడ్వర్డ్ మిగెల్ కోతల సమయంలో రైతులకు ఒక అప్పు ఇచ్చి చూశారు. గింజ బస్తాలు రైతు ఇంట్లోనే ఉంటాయి, వాటికి గుర్తు కట్టి హామీగా ఉంచుతారు. అప్పు డబ్బుతో అవసరాలు గడిచాయి, గింజ ధర పెరిగేదాకా ఆగింది. పెట్టుబడి మీద రాబడి 29 శాతం అని లెక్కగట్టారు. అప్పులు దట్టంగా ఇచ్చిన ప్రాంతాల్లో కోతల నాటి ధర కాస్త లేచి, ఆకలి నెలల ధర కాస్త దిగింది. అందువల్ల అప్పు తీసుకున్నవాడి లాభం అక్కడ కొంత తగ్గింది. ఆ తగ్గిన లాభం ఎటు పోయిందంటే, ఆకలి నెలల్లో గింజ కొనుక్కునే పక్కింటివాళ్లకు. ఇలాంటి పథకాన్ని రుణగ్రహీత లాభంతో మాత్రమే కొలిస్తే సగం మేలు లెక్కకు రాదు.

నిల్వ విషయంలో పురుగును మరచిపోకూడదు. మలావీ ఆడవాళ్లు దశాబ్దాల పాటు హైబ్రిడ్ మొక్కజొన్నను ఇష్టపడలేదు. ఆ మెత్తటి గింజ రోట్లో దంచితే పిండి నష్టం ఎక్కువ, గాదెలో ముక్కు పురుగు త్వరగా పడుతుంది. నాటు రకం గింజ గట్టిది. ఈ ఫిర్యాదును అధికారులు చాలాకాలం మొండితనంగా చూశారు. 1990లో మలావీ శాస్త్రవేత్తలు గట్టి గింజ గల ఎంహెచ్17, ఎంహెచ్18 హైబ్రిడ్లు విడుదల చేశాక గానీ వాడకం ఊపందుకోలేదు. దంచేవాళ్ల మాట వినడం అంత ఆలస్యమైంది. తర్వాత మధ్య అమెరికా నుంచి వచ్చిపడ్డ మరో తొలిచే పురుగు మొక్కజొన్న గాదెలను పిండి చేసింది. దానికి మందు లేకుండా పనిచేసేది పర్డ్యూ విశ్వవిద్యాలయం రూపొందించిన మూడు పొరల సంచి. నేత గోనె లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు ఉంటాయి. గట్టిగా కట్టేస్తే లోపలి గాలి అయిపోయి పురుగు తనంతట తాను చస్తుంది. ఆలోచన 1980ల చివర్లో కామెరూన్‌లో బొబ్బర్ల కోసం పుట్టింది. ధర రెండు మూడు డాలర్లు. పురుగుకు భయపడి మేలో తెగనమ్ముకునే రైతుకు ఇది చేతికందే కవచం. ఊరి దుకాణంలో ఏప్రిల్‌కే దొరికితేనే సుమా.

ఇంత చర్చలో ఊరివాళ్లు సొంతంగా ఏం చేసుకుంటున్నారన్నది పక్కన పడిపోకూడదు. 1991లో నైజర్ దేశపు మరాదిలో కేర్ అనే అంతర్జాతీయ సేవా సంస్థ ఆడవాళ్లతో మొదలుపెట్టిన పొదుపు గుంపుల పద్ధతి ఇప్పుడు మలావీ పల్లెల్లో బాంకీ మ్ఖోండే పేరుతో వ్యాపించింది. వసారా బ్యాంకు అని అర్థం. మన పొదుపు సంఘాలకూ దానికీ ఒక కీలకమైన తేడా ఉంది. మన దగ్గర పొదుపు ఏళ్ల తరబడి పోగవుతుంది, బ్యాంకు లింకేజీకి ఆధారమవుతుంది. అక్కడ ఏడాదికోసారి పెట్టె తెరిచి, పొదుపూ వడ్డీ లాభమూ వాటాల ప్రకారం పంచేసుకుని మళ్లీ సున్నాతో మొదలుపెడతారు. పంపకం రోజును గుంపే నిర్ణయించుకుంటుంది కనుక, ఎరువు కొనే వేళకో గాదె అడుగంటే వేళకో డబ్బు చేతిలో పడేట్టు పెట్టుకోవచ్చు. ఉత్తర మలావీలోని కరోంగా జిల్లాలో 46 గ్రామాల్లో జరిగిన అధ్యయనంలో, ఇలాంటి గుంపులున్న చోట జనం రోజుకు తినే పూటలు పెరిగాయి, ఎరువుల మీద పెట్టుబడీ పెరిగింది. తమ క్యాలెండరు తామే రాసుకునే అవకాశం వస్తే దాన్ని బాగానే రాసుకుంటారు.

అదను తెలియని లెక్క ఎంత దూరం తప్పుతుందో బీమా చెప్పింది. మలావీ ప్రభుత్వం 2015-16లో ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ అనే ఖండస్థాయి సంస్థ దగ్గర కరువు బీమా కొన్నది. ఆ ఏడాది ఎల్ నినో దెబ్బకు 60 లక్షల మందికి పైగా సాయం అవసరమైంది. కంప్యూటర్ నమూనా మాత్రం పెద్ద నష్టం లేదు, పరిహారం రాదు అని తేల్చింది. కారణం తవ్వితే, నమూనాలో దీర్ఘకాలిక మొక్కజొన్న రకం ఉంది, రైతులు అప్పటికే స్వల్పకాలిక రకాలకు మారిపోయారు. వాళ్ల పైరుకు నీళ్లు కావాల్సిన వారాలు వేరు. సరిచేశాక 81 లక్షల డాలర్లు మంజూరయ్యాయి, కానీ ఆ ప్రకటన వచ్చేసరికి 2016 నవంబరు. కరువు అత్యవసర స్థితి ప్రకటించింది ఏప్రిల్‌లో. ఊళ్లో ఏ విత్తు వేస్తున్నారని ఒక్క రైతునైనా అడిగి ఉంటే ఆ ఏడు నెలలు మిగిలేవి.

వాన రాకపోతే ఏ అదనూ అక్కరకు రాదన్నది నిజమే. 2024 మార్చిలో 28 జిల్లాలకు 23 జిల్లాల్లో విపత్తు స్థితి ప్రకటించాల్సి వచ్చింది. ఒకే పంట, ఒకే వాన మీద ఇల్లంతా ఆధారపడటం తగ్గాలి. ఆ దారిలో మలావీ దక్షిణ జిల్లాల దగ్గర ఇప్పటికే ఉన్న పంట తెలుగువాళ్లకు పాత నేస్తం.

నాందోలో అనే కంది

చిరద్జులు, ములంజే, ఫలోంబే జిల్లాల్లో మొక్కజొన్న బోదెల మీదే కంది కూడా పెడతారు. అక్కడ దాని పేరు నాందోలో. మొక్కజొన్నతో పాటే నవంబరు, డిసెంబరుల్లో వేసినా నెమ్మదిగా ఎదిగి, మొక్కజొన్న కోశాక విచ్చుకుంటుంది. జూన్ నుంచి పచ్చి కాయలు కూరకొస్తాయి, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎండు కాయ కోత. ఆకు రాలి నేలకు బలమిస్తుంది, మరుసటి ఏడాది మొక్కజొన్న కొద్దిపాటి ఎరువునైనా బాగా పట్టుకుంటుంది. అనంతపురం రైతు వేరుశనగ సాళ్ల మధ్య కంది వేసినట్టే మలావీలోనూ వేరుశనగలో కంది వేసే పద్ధతిని శాస్త్రవేత్తలు ప్రోత్సహిస్తున్నారు. పటాన్‌చెరులో ప్రధాన కేంద్రం ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆఫ్రికా కోసం తయారుచేసిన, ఎండు తెగులును తట్టుకునే కంది రకం 2000లో మలావీలో కచాంగు పేరుతో విడుదలైంది. మొక్కజొన్న డబ్బు అయిపోయే వేళకు, వచ్చే సీజన్ విత్తనం కొనాల్సిన వేళకు ముందు చేతికొచ్చే పంట ఇది.

మలావీ కందిలో ఎక్కువ భాగం చేరే మార్కెట్ భారతదేశం. ఆగస్టు, సెప్టెంబరుల్లో మన కంది ఇంకా చేలో ఉంటుంది, తాండూరు, నారాయణపేట మార్కెట్లకు కొత్త సరుకు వచ్చేది డిసెంబరు తర్వాతే. ఆ ఖాళీలో ఆఫ్రికా కంది దిగుతుంది. రెండు ఖండాల పంటకాలాలు ఇంత చక్కగా ఒకదానికొకటి అమరడం అరుదు.

2015లో మన దేశంలో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా వెళ్లింది. మరుసటి ఏడాది ఇక్కడి రైతులూ అక్కడి రైతులూ కంది వైపు మళ్లారు. 2016-17లో భారత కంది దిగుబడి 48 లక్షల టన్నులు దాటి రికార్డు సృష్టించింది. మద్దతు ధర క్వింటాలుకు 5,050 రూపాయలు ఉండగా, అంతకంటే తక్కువకు అమ్ముకోవాల్సి వచ్చి తెలంగాణ, కర్ణాటక రైతులు నష్టపోయారు. వారిని కాపాడటానికి కేంద్రం 2017 ఆగస్టు 5న కంది దిగుమతులకు ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. మన రైతుకు రక్షణ కావాలన్న దాంట్లో తప్పులేదు. కానీ ఆగస్టు 5 అంటే ములంజేలో కంది కోతకొచ్చిన వారం. తొమ్మిది నెలల కిందట, పరిమితి ఊసు లేని రోజుల్లో వేసిన పంట అది. మొజాంబిక్‌కు 2016లో భారత్‌తో కుదిరిన కొనుగోలు ఒప్పందం అండగా ఉంది. మలావీకి అప్పుడు అదీ లేదు. అక్కడ కంది ధర కుప్పకూలింది. ఆ దెబ్బకు కంది తగ్గించుకున్న ఇళ్లు తమ నేలకు బలమిచ్చే పంటనే తగ్గించుకున్నాయి. ఆ పరిమితి వల్ల మన రైతుకు ఆ ఏడాది ఒరిగిందీ తక్కువే. అతను ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్యే తెగనమ్ముకున్నాడు.

2021 మేలో కంది దిగుమతులపై ఆంక్షలు ఎత్తేశారు. అదే ఏడాది మలావీతో ఏటా 50,000 టన్నుల కంది కొనుగోలుకు అయిదేళ్ల ఒప్పందం కుదిరింది, 2021-22 నుంచి 2025-26 వరకు. ఆఫ్రికా చిన్న రైతుకు సాయం గురించి తెలుగు నేల మీద మాట్లాడేటప్పుడు విరాళాల కన్నా ముందు ప్రస్తావించాల్సింది ఈ ఒప్పందమే. ఇందులో మనం దాతలం కాదు, కొనేవాళ్లం. మన ఇంట్లో ఉడికే పప్పులో ఆ చేల గింజ కలిసి ఉంది. పరిమితి పెట్టాల్సిన అవసరం మళ్లీ రావచ్చు, మన రైతు ధర పడిపోతే పెట్టక తప్పదు కూడా. పెట్టేదేదో అక్టోబరు లోపు చెప్పి, ఆ మాటను మరుసటి సెప్టెంబరు దాకా మార్చకుండా ఉంచితే చాలు. నవంబరు తొలి వాన పడ్డాక ములంజేలో ఆడమనిషి బోదె మీద మొక్కజొన్న గుంట పక్కన కంది గుంట తవ్వాలా వద్దా అన్నది అప్పుడే తేల్చుకుంటుంది.